మదీనా ఒప్పందం, ఖైబర్ ఖర్జూరాలు

మాట మీద నిలబడే మనిషి గురించి చెప్పాల్సి వస్తే అరబ్బులు ఇవాళ్టికీ ఒక యూదుడి పేరే ఎత్తుతారు. ఆయన సమౌఅల్. ఆరో శతాబ్దపు కవి. సౌదీ అరేబియా ఉత్తర భాగంలో తైమా అనే ఒయాసిస్సు ఉంది. అక్కడ అబ్లఖ్ అనే కోట ఆయనది. ఇమ్రుల్ ఖైస్ అనే రాజకుమారుడు, ఆయనా మహాకవే, దూరదేశం పోతూ తన కవచాలను సమౌఅల్ దగ్గర దాచిపెట్టాడట. శత్రువులు కోటను చుట్టుముట్టి, సమౌఅల్ కొడుకును పట్టుకుని, కవచాలు ఇస్తావా, కొడుకును చంపమంటావా అని అడిగారట. ఆయన కొడుకును పోగొట్టుకున్నాడు గానీ నమ్మి అప్పగించిన సొత్తును మాత్రం ఇవ్వలేదు. సమౌఅల్ కంటే నమ్మకస్తుడు అనే సామెత అరబ్బీలో అలా స్థిరపడింది. కథలో నిజమెంతో, కవుల కల్పనెంతో తేల్చడం కష్టమే. కానీ ఇస్లాం రాకముందు అరేబియాలో యూదులు పరాయివాళ్లు కారు. అరబ్బీలో కవిత్వం చెప్పి, అరబ్బు తెగల నడుమ అరబ్బుల్లాగే బతికారు. ఆ సామెతే అందుకు సాక్ష్యం.

నిజామాబాద్, జగిత్యాల, కడప జిల్లాల నుంచి సౌదీకి వచ్చి ఏళ్ల తరబడి ఉంటున్న తెలుగువాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు అసలే తెలియదు. మన దగ్గర యూదులు, ముస్లింలు అనగానే టీవీలో గాజా కనిపిస్తుంది. ఆ వెంటనే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇది 1400 ఏళ్ల పగ, మొదటి రోజు నుంచీ ఇంతేనని కొందరు అంటారు. 1948 దాకా అన్నదమ్ముల్లా ఉన్నారు, ఆ తరవాతే చెడిందని ఇంకొందరు అంటారు. రెండూ తప్పే. అసలు జరిగింది ఈ రెండింటి కంటే చిక్కుగా ఉంటుంది. ఆ చిక్కును విప్పి చూస్తే తప్ప సౌదీ చరిత్రలో మొదటి అధ్యాయం అర్థం కాదు.

అల్ ఉలా పట్టణానికి ఉత్తరాన హెగ్రా ఉంది. సౌదీలో యునెస్కో గుర్తింపు పొందిన మొదటి స్థలం అదే, 2008లో. ఇసుకరాతి కొండల్ని తొలిచి నబాతీయులు కట్టుకున్న సమాధులు అక్కడ బారులు తీరి ఉంటాయి. వాటిలో ఒకదాని వాకిలి మీద చెక్కిన శాసనం, ఆ సమాధి షుబైతు అనే యూదుడిదని చెబుతుంది. సంవత్సరం క్రీ.శ. 42-43. అంటే ఇస్లాంకు దాదాపు ఆరు వందల ఏళ్ల ముందు. అదే చోట క్రీ.శ. 356 నాటి మరో శాసనంలో హెగ్రా పెద్ద, తైమా పెద్ద ఇద్దరి వంశాల పేర్లూ ఉన్నాయి. వాళ్ల పూర్వీకుల్లో సమూయేలు పేరు కనిపిస్తుంది. వాళ్లు యూదులే అయి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం.

దక్షిణాన సంగతి ఇంకా పెద్దది. ఇప్పటి యెమెన్‌ను ఏలిన హిమ్యర్ రాజులు క్రీ.శ. 380 ప్రాంతంలో పాత దేవతల్ని వదిలి యూదు మతం వైపు మళ్లారు. వారిలో చివరివాడనదగ్గ యూసుఫ్, అరబ్బులు జూ నువాస్ అని పిలిచే రాజు, 523లో నజ్రాన్ క్రైస్తవులను ఊచకోత కోయించాడు. నజ్రాన్ ఇప్పుడు సౌదీలోనే ఉంది. ఆ రాజు దండయాత్రకు వచ్చిన సేనాని చెక్కించిన శాసనాలు నజ్రాన్‌కు దగ్గర్లోని హిమా కొండల మీద నేటికీ చదువుకోవచ్చు. మతం పేరుతో అధికారం చేతికొచ్చినవాడు ఏ మతస్థుడైనా ఏం చేయగలడో ఆ రాతలు చూస్తే తెలుస్తుంది. ఈ ఘటన జరిగిన దాదాపు యాభై ఏళ్లకు మక్కాలో ముహమ్మద్ ప్రవక్త పుట్టారు. కాబట్టి ఆయన ఎరిగిన అరేబియాలో యూదులంటే వ్యాపారులు, రైతులు, కవులు మాత్రమే కారు, రాజ్యం చేసినవాళ్లు కూడా.

622లో ప్రవక్త మక్కా వదిలి యస్రిబ్‌కు వచ్చారు. ఆ ఊరే తరవాత మదీనా అయింది. అప్పటికి అది ఒక నగరం కాదు. ఖర్జూరపు తోటలు, వాటి నడుమ చిన్న చిన్న కోటలు, ఒక్కో తెగకు ఒక్కో పేట. ఔస్, ఖజ్రజ్ అనే రెండు అరబ్బు తెగలు ఏళ్ల తరబడి కొట్టుకుని, బుఆస్ అనే పోరుతో బాగా అలిసిపోయి ఉన్నాయి. యూదుల్లో మూడు పెద్ద తెగలు. బంగారపు పని చేసే బనూ ఖైనుఖా, మంచి తోటలున్న బనూ నదీర్, బనూ ఖురైజా. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. బుఆస్ పోరులో యూదులంతా ఒక వైపు, అరబ్బులంతా ఒక వైపు లేరు. నదీర్, ఖురైజా ఔస్‌తో కలిసి పోరాడితే, ఖైనుఖా ఖజ్రజ్ పక్షం. పొత్తు, పగ, నెత్తురు పరిహారం అన్నీ తెగల లెక్కలే. మతం ఆ లెక్కల్లో ఒకటి మాత్రమే.

మదీనా చేరిన కొద్ది కాలానికే ప్రవక్త ఒక ఒప్పంద పత్రం రాయించారు. అరబ్బీలో దాన్ని సహీఫా అంటారు. అందులో మక్కా నుంచి వచ్చినవాళ్లు, మదీనావాళ్లు, వారితో ఉన్న యూదులు అందరి హక్కులూ బాధ్యతలూ ఉన్నాయి. ఊరి మీదికి ఎవరైనా దండెత్తితే అందరూ కలిసి నిలబడాలి. యుద్ధం ఖర్చు ఎవరిది వారే భరించాలి. ఎవరి మతం వారిది. తగువు వస్తే తీర్పు కోసం ప్రవక్త దగ్గరికి రావాలి. ఔఫ్ వంశంతో ఉన్న యూదులు విశ్వాసులతో కలిసి ఒకే సమాజమని కూడా ఆ పత్రం ఒప్పుకుంటుంది. ఇస్లాం తొలి చరిత్రకు సంబంధించిన చాలా కథనాలను అనుమానించే పాశ్చాత్య పండితులు సైతం ఈ పత్రాన్ని దాదాపు అంతా నిజమైనదనే ఒప్పుకున్నారు. తరవాతి కాలపు ముస్లిం రచయిత ఎవరైనా కల్పించి ఉంటే యూదులకు ఇంత చోటు ఇచ్చి ఉండేవాడు కాదన్నది వారి వాదన.

ఈ పత్రాన్ని ప్రపంచం ముందు పెట్టినవారిలో ఒకరు మన హైదరాబాదీ. ముహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్‌లో, పారిస్‌లోని సోర్బాన్‌లో డాక్టరేట్లు తీసుకుని, మళ్లీ ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. మదీనా సహీఫా ప్రపంచంలోనే మొదటి లిఖిత రాజ్యాంగమని ఆయన వాదించారు. ప్రవక్త కాలపు ఒప్పందాలు, లేఖలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి ఒకే సంపుటంగా కూర్చారు. మదీనాకు వెళ్లి పాత యుద్ధభూముల్లో తిరిగి, కొలతలు తీసి, పటాలు గీశారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక ఆయన తిరిగి రాలేదు. దశాబ్దాల పాటు పారిస్‌లో ఉండి, ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. మొదటి లిఖిత రాజ్యాంగం అన్న ఆయన మాటను అందరూ ఒప్పుకోరు. ఏడో శతాబ్దపు తెగల ఒడంబడికకు ఇరవయ్యో శతాబ్దపు పేరు తగిలించారన్నది విమర్శ. ఆ విమర్శలో బలం ఉంది. అయినా చెల్లాచెదురుగా ఉన్న పత్రాలను వెతికి, పాఠాంతరాలు సరిచూసి పెట్టిన ఆయన శ్రమ మీద తరవాతివాళ్లంతా ఆధారపడ్డారు.

సహీఫాలో ఒక లోటు పండితుల్ని నేటికీ వేధిస్తోంది. ఖైనుఖా, నదీర్, ఖురైజా అనే పేర్లు అందులో లేవు. అరబ్బు వంశాల పేరుతోనే యూదులను చెప్పారు తప్ప ఆ మూడు పెద్ద తెగలను విడిగా పేర్కొనలేదు. ఆ తెగలు అరబ్బు వంశాల మిత్రులుగా అందులోకే వస్తాయని కొందరు అంటారు. వాటితో వేరే ఒప్పందాలు జరిగాయని, సహీఫాకు వాటితో సంబంధం లేదని 2004లో దీని మీద ఒక పూర్తి పుస్తకమే రాసిన పండితుడు మైఖేల్ లెకర్ వాదించారు. ఇది వట్టి పాండిత్యపు గొడవ కాదు. తరవాత ఆ తెగలు మాట తప్పాయని అన్నప్పుడు, ఏ మాట తప్పాయన్నది ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

తొలి రోజుల్లో రెండు సమాజాలూ ఎంత దగ్గరగా ఉండేవో రెండు ఆచారాలు చెబుతాయి. మొదట్లో ముస్లింలు యెరూషలేము వైపు తిరిగి నమాజు చేసేవారు. మదీనా వచ్చిన పదహారు, పదిహేడు నెలలకు, అంటే 624లో, ఆ దిక్కు మక్కాలోని కాబా వైపుకు మారింది. మదీనాలో ఖిబ్లతైన్ అనే మసీదు ఉంది. నమాజు మధ్యలో దిక్కు మార్చుకున్నది అక్కడేనని సంప్రదాయం.

రెండోది మన ఊళ్లకు దగ్గరి సంగతి. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగ ముహర్రం పదో రోజుతో ముగుస్తుంది. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ అమరుడైన రోజు అది. హిందువులు, ముస్లింలు కలిసి పీర్లను ఎత్తుకుంటారు, గుండం చుట్టూ ఆడతారు. కానీ ఆ పదో రోజుకు కర్బలా కంటే పాత చరిత్ర ఉంది. ప్రవక్త మదీనా వచ్చినప్పుడు యూదులు ఆ రోజు ఉపవాసం ఉండటం చూసి ఎందుకని అడిగారని హదీసు, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం, చెబుతుంది. మోషేను, ఇశ్రాయేలీయులను దేవుడు ఫరో చేతి నుంచి తప్పించిన రోజని వాళ్లు చెప్పారు. మోషే మీద మాకు ఇంకా ఎక్కువ హక్కు ఉందని ప్రవక్త తానూ ఉపవాసం ఉండి, తనవాళ్లనూ ఉండమన్నారు. రంజాన్ రోజాలు విధిగా వచ్చాక ఇది ఐచ్ఛికమైంది. ఇస్లాంకు ముందు మక్కావాళ్లు కూడా ఆ రోజు ఉపవాసం ఉండేవారని ప్రవక్త భార్య ఆయిషా చెప్పిన మరో హదీసు ఉంది. ఏది ముందు, ఏది వెనక అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. సున్నీ ముస్లింలలో చాలామంది నేటికీ ఆ రోజు రోజా ఉంటారు.

పొత్తు ఎక్కువ కాలం నిలవలేదు. 624లో ముస్లింలు మక్కావాళ్ల మీద బద్ర్ యుద్ధం గెలిచాక మొదటి దెబ్బ ఖైనుఖా మీద పడింది. బజారులో ఒక ముస్లిం స్త్రీని అవమానించడంతో గొడవ మొదలైందని ఒక కథనం. వాళ్ల పాత మిత్రుడు, ఖజ్రజ్ నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబయ్ ప్రవక్త కవచం పట్టుకుని వదలకుండా బతిమాలాడు. ప్రాణాలు దక్కాయి, ఊరు దక్కలేదు. వాళ్లు సిరియా వైపు వెళ్లిపోయారు. అదే ఏడు నదీర్ బంధువు, ముస్లింలను దూషిస్తూ పద్యాలు చెప్పిన కవి కఅబ్ బిన్ అష్రఫ్ హత్యకు గురయ్యాడు. ఆయన కోట రాతిగోడలు మదీనా దక్షిణాన ఇంకా మిగిలి ఉన్నాయి.

625లో మక్కావాళ్లతోనే ఉహుద్ యుద్ధం. అక్కడ ముఖైరిక్ అనే మనిషిని తప్పక తలచుకోవాలి. ఆయన యూదు పండితుడు, తోటలున్న ధనికుడు. ఆ రోజు శనివారం, విశ్రాంతి దినం. ఒప్పందం ప్రకారం ముహమ్మద్‌కు తోడు వెళ్లాలని ఆయన తనవాళ్లకు చెప్పాడు. సబ్బాతు కదా అన్నారు వాళ్లు. సబ్బాతు లేదు ఏమీ లేదని కత్తి తీసుకుని వెళ్లి, ఉహుద్‌లో పోరాడి చనిపోయాడు. తాను పోతే తన ఆస్తి ముహమ్మద్‌దని ముందే చెప్పి వెళ్లాడు. ఆయన ఏడు తోటలే ఇస్లాంలో మొదటి వక్ఫ్ (ధర్మానికి వదిలిన ఆస్తి) అని చెప్పే సంప్రదాయం ఉంది. యూదుల్లో ఉత్తముడని ప్రవక్త ఆయనను మెచ్చుకున్నారని ప్రవక్త జీవితచరిత్ర రాసిన ఇబ్న్ ఇస్హాక్ చెప్పాడు.

ఆ తరవాత కొన్ని నెలలకే నదీర్ వంతు వచ్చింది. తన మీద బండరాయి దొర్లించి చంపబోయారని ప్రవక్త వాళ్ల కోటలను ముట్టడించారు. ముట్టడిలో ఖర్జూరపు చెట్లు నరికించిన సంగతి ఖుర్ఆన్ 59వ సూరాలోనే ఉంది. ఆయుధాలు తప్ప ఒంటెలు మోయగలిగినంత తీసుకుపోవచ్చన్నది షరతు. వాళ్లు ఇళ్ల గుమ్మాలు సైతం ఊడదీసి ఒంటెల మీద వేసుకున్నారు. ఓడిపోయి వెళుతున్నా తలొంచుకుని వెళ్లలేదు. ఆడవాళ్లు పట్టుబట్టలు, నగలు పెట్టుకుని, డప్పులూ సన్నాయిలూ మోగుతుండగా ఊరేగింపులా మదీనా దాటారు. చాలామంది ఉత్తరాన ఖైబర్‌కు చేరారు.

ఇక 627. ఈ ఏడాది గురించి మెత్తగా మాట్లాడటం న్యాయం కాదు. మక్కా సేన, దాని మిత్రులు కలిసి మదీనాను చుట్టుముట్టారు. ముస్లింలు కందకం తవ్వి ఊరు కాచుకున్నారు. ఆ ముట్టడి సమయంలో నదీర్ నాయకుడు హుయయ్ వచ్చి ఖురైజా పెద్దలను ఒప్పించాడని, వాళ్లు ప్రవక్తతో చేసుకున్న ఒప్పందాన్ని వదిలేశారని ముస్లిం చరిత్రకారులు రాశారు. శత్రుసేన తిరిగిపోగానే ముస్లింలు ఖురైజా కోటలను ఇరవై అయిదు రోజులు ముట్టడించారు. వాళ్లు లొంగిపోయారు. పాత మిత్రులను కరుణించమని ఔస్ తెగవాళ్లు అడిగితే, ఔస్ నాయకుడైన సాద్ బిన్ ముఆజ్‌నే తీర్పరిగా పెట్టారు. ఆయన అప్పటికే బాణపు గాయంతో మంచాన ఉన్నాడు. మగవాళ్లను చంపాలని, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా పంచాలని తీర్పు చెప్పాడు. మదీనా బజారులో గోతులు తవ్వారు. చనిపోయినవారు ఆరేడు వందలని, ఎక్కువ చెప్పేవారి లెక్కలో ఎనిమిది, తొమ్మిది వందలని ఇబ్న్ ఇస్హాక్ రాశాడు.

ఆయన రాసినదాంట్లోనే ఒక ముసలివాడి కథ ఉంది. పేరు జబీర్ బిన్ బాతా. బుఆస్ పోరులో సాబిత్ అనే అరబ్బు ఆయనకు చిక్కితే ముంగురులు కత్తిరించి ప్రాణంతో వదిలేశాడు. ఇప్పుడు ఆ సాబిత్ ముస్లిం. పాత రుణం తీర్చుకుందామని ప్రవక్త దగ్గరికి వెళ్లి జబీర్ ప్రాణం అడిగాడు, ఇచ్చారు. ఆలుబిడ్డలు లేకుండా ముసలివాడికి బతుకెందుకు అంటే వాళ్లనూ అడిగి తెచ్చాడు. ఆస్తి లేకుండా కుటుంబం ఎలా బతుకుతుంది అంటే ఆస్తినీ ఇప్పించాడు. అప్పుడు జబీర్ తన తెగ పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి వాళ్లేమయ్యారని అడిగాడు. అందరూ పోయారని విన్నాడు. అయితే నన్నూ వాళ్ల దగ్గరికే పంపు, నువ్వు నాకు పడ్డ రుణం అలా తీర్చు అన్నాడు. ఈ కథను దాచకుండా రాసిపెట్టింది ఓడినవాళ్లు కాదు, ముస్లిం రచయితలే. ఓడిన యూదులు రాసిన కథనం ఒక్కటీ మనకు చేరలేదు.

అర్థం చెప్పుకోవడంలో అసలు తకరారు ఇక్కడే. ఇబ్న్ ఇస్హాక్ 767 ప్రాంతంలో చనిపోయాడు. ఘటన జరిగి ఆయన రాసేనాటికి వందేళ్లు దాటింది. 1976లో డబ్ల్యూ.ఎన్. అరఫాత్ అనే పండితుడు ఈ కథనాన్నే ప్రశ్నించారు. మదీనా యూదుల వారసుల నోట పెరిగిన కథను ఇబ్న్ ఇస్హాక్ ఎక్కించుకున్నాడని, ఆయన సమకాలికుడైన న్యాయవేత్త ఇమామ్ మాలిక్ సైతం ఆయనను నమ్మలేదని వాదించారు. మన దేశ దౌత్యవేత్త బరకాత్ అహ్మద్ 1979లో న్యూఢిల్లీ నుంచి వెలువడిన పుస్తకంలో అంతమందిని చంపడం నమ్మశక్యం కాదన్నారు. 1986లో ఎం.జె. కిస్టర్ అనే పండితుడు అరబ్బీ న్యాయగ్రంథాలు, ఖుర్ఆన్ వ్యాఖ్యానాలు తిరగేసి దీనికి జవాబిచ్చారు. ముస్లిం న్యాయవేత్తలు ఈ ఘటనను మొదటి నుంచీ జరిగిందనే ఎంచి, దాని మీద సూత్రాలు కట్టారని చూపించారు. ఖుర్ఆన్ 33వ సూరా కూడా కొందరిని చంపారని, కొందరిని బందీలుగా పట్టారని చెబుతుంది. అంకె చెప్పదు. అంకె మీద అనుమానం ఉండొచ్చు. ఊచకోత జరగలేదనడానికి మాత్రం ఆధారం చాలదు.

సాద్ తీర్పు యూదుల ద్వితీయోపదేశకాండం ప్రకారమే జరిగిందని ఆధునిక రచయితలు కొందరు సమర్థిస్తారు. ఆ గ్రంథంలో యుద్ధం గురించి అలాంటి మాటలున్న మాట నిజం. కానీ సాద్ ఆ గ్రంథం పేరెత్తినట్టు పాత కథనంలో లేదు. తరవాత వెతికి తెచ్చిన సమర్థన అది. అటువైపు, యూదులు గనకే చంపారనే వాదనా నిలవదు. ఖురైజాను శిక్షించాక కూడా మదీనాలో యూదులు ఉన్నారు. 632లో ప్రవక్త కన్నుమూసేనాటికి ఆయన ఇనుప కవచం ఒక యూదుడి దగ్గర తాకట్టులో ఉంది. ఇంట్లోవాళ్ల తిండికి తీసుకున్న ముప్ఫై సాల (సా అనేది పాత అరబ్బు కొలత) బార్లీ కోసం పెట్టిన తాకట్టు. ఈ సంగతి బుఖారీ హదీసుల్లోనే ఉంది. ఒక యూదుడి శవయాత్ర పోతుంటే ప్రవక్త లేచి నిలబడ్డారని, యూదుడిది కదా అంటే అదీ ఒక ప్రాణమే కదా అన్నారని కూడా అందులోనే ఉంది. ఒకే పుస్తకాల వరసలో ఇవన్నీ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరికి కావలసింది వారు ఏరుకుంటున్నారు.

మదీనా నుంచి తబూక్ వైపు వెళ్లే దారిలో దాదాపు 150 కిలోమీటర్లకు ఖైబర్ వస్తుంది. పాకిస్తాన్ సరిహద్దులోని ఖైబర్ కనుమ వేరు, ఇది వేరు. నల్లటి అగ్నిపర్వతపు రాళ్ల మధ్య లోయల్లో నీరు, ఆ నీటి వెంట ఖర్జూరపు వనాలు, పైన రాతిగుట్ట మీద పాత కోట. మనుషులు ఇక్కడ నాలుగు వేల ఏళ్లకు ముందే గోడ కట్టుకుని ఊరుగా బతికారని పురావస్తువేత్తలు తేల్చి 2024లో ప్రకటించారు. 628లో ముస్లింలు ఒక్కో కోటనూ పట్టుకుంటూ ఈ ఒయాసిస్సును గెలిచారు. హుయయ్ కూతురు సఫియ్యా బందీగా చిక్కి, విముక్తి పొంది, ప్రవక్త భార్య అయ్యారు. తండ్రి ఖురైజాతో పాటు చనిపోయాడు, భర్త ఖైబర్‌లో చనిపోయాడు. ఆ పెళ్లిని ఇప్పటి కళ్లతో చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆవిడ యూదురాలని ఎవరైనా ఎత్తిపొడిస్తే, నా తండ్రి అహరోను, నా చిన్నాన్న మోషే అని చెప్పమని ప్రవక్త ఆవిడకు నేర్పారట. చనిపోయేముందు తన ఆస్తిలో మూడో వంతు యూదుడిగానే ఉండిపోయిన బంధువుకు రాసిచ్చారు.

గెలిచినవాళ్లు ఖైబర్ యూదులను అప్పుడు వెళ్లగొట్టలేదు. తోటల పని వాళ్లకే తెలుసు. అందుకే చెట్లు మీరే చూసుకోండి, పంటలో సగం మాకివ్వండి అన్నది ఒప్పందం. మన పల్లెల్లో భూమిని పాలుకు ఇవ్వడం తెలిసినవారికి ఇది వివరించనక్కర్లేదు. పంట అంచనా వేయడానికి అబ్దుల్లా బిన్ రవాహా అనే ఆయన వచ్చేవాడు. ఆడవాళ్ల నగలు పోగుచేసి లంచం ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఇంత పంట అని తేల్చి, ఆ లెక్కకు మీకు ఇష్టమైతే మీరు తీసుకుని మా సగం ఇవ్వండి, లేదంటే మేం తీసుకుని మీ సగం ఇస్తాం అన్నాడట. భూమ్యాకాశాలు నిలబడింది ఇలాంటి న్యాయం మీదే అని ఆ యూదు రైతులు అన్నారని ఇమామ్ మాలిక్ గ్రంథంలో ఉంది. ఎర్రసముద్రం పక్కన మక్నా అనే ఊరి యూదులతో 630లో కుదిరిన ఒప్పందం ఇంకా లెక్కగా ఉంటుంది. ఖర్జూరంలో నాలుగో వంతు, పట్టిన చేపల్లో నాలుగో వంతు, ఆడవాళ్లు వడికిన నూలులో నాలుగో వంతు. ఇస్లామీయ భూమిశిస్తు చట్టాలు, మతం మారకుండా పన్ను కట్టి బతికే ప్రజల హోదా, జిజియా అనే తలపన్ను పద్ధతి, వీటికి పునాదులు పడింది ఇలాంటి చోట్లే. బతకనిచ్చారు, కానీ సమానంగా కాదు.

ఖలీఫా ఉమర్ కాలంలో, 641 ప్రాంతంలో, ఖైబర్ యూదులను సిరియాకు పంపేశారు. అరేబియాలో రెండు మతాలు ఉండకూడదన్న హదీసు ఒక కారణం. ఉమర్ కొడుకు మీద ఖైబర్‌లో దాడి జరగడం ఇంకో కారణం. ముస్లింలకు అప్పటికి తోటల పనికి వేరే మనుషులు దొరికారన్నది మూడో కారణం, పాత గ్రంథాలే చెప్పిన కారణం. ఫదక్ అనే మరో ఒయాసిస్సు యూదులకు మాత్రం వాళ్ల సగం భూమికి వెల కట్టి ఇచ్చారు. తైమాను, వాదీ అల్ ఖురా అనే లోయను సిరియా కింద లెక్కగట్టి అక్కడివాళ్లను కదిలించలేదు. వాదీ అల్ ఖురా యూదులు ధర్మసందేహాలు రాసి పంపితే పది, పదకొండు శతాబ్దాల్లో బగ్దాద్‌లోని యూదు మహాపండితులు జవాబులు రాశారు. అంటే ఉమర్ తరవాత నాలుగు వందల ఏళ్లకు కూడా వాళ్లు ఇక్కడే ఉన్నారు.

ఈ చరిత్రను ఎలా చదవాలో చెప్పే గొప్ప ఉదాహరణ కూడా ఖైబర్ నుంచే వచ్చింది. 11వ శతాబ్దపు బగ్దాద్‌లో కొందరు యూదులు ఒక పత్రం తెచ్చారు. ఖైబర్ వారికి జిజియా మాఫీ చేస్తూ ప్రవక్త రాయించిన పత్రమని, సాక్షుల సంతకాలూ ఉన్నాయని చెప్పారు. వజీరు దాన్ని చరిత్రకారుడు ఖతీబ్ బగ్దాదీకి చూపించాడు. ఆయన చదివి ఇది దొంగ పత్రం అన్నాడు. సాక్షుల్లో ముఆవియా పేరు ఉంది. ఆయన ఇస్లాంలోకి వచ్చింది 630లో మక్కా గెలిచినప్పుడు. సాద్ బిన్ ముఆజ్ పేరూ ఉంది. ఆయన ఖురైజా తీర్పు చెప్పిన కొద్ది రోజులకే 627లో పోయాడు. ఖైబర్ గెలిచింది 628లో. ఇంతకంటే శుభ్రమైన చరిత్ర పాఠం ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. పత్రం తెచ్చింది పన్ను బరువు మోయలేని మైనారిటీ జనం. అబద్ధం ఎందుకు పుట్టిందో కూడా దాంతో అర్థమవుతుంది.

అరేబియా బయట ఆ రోజుల్లో ఏమనుకున్నారో చెప్పే రాతలూ ఉన్నాయి. 634 నాటి ఘటనలు చెప్పే ఒక గ్రీకు రచనలో యూదులు అరబ్బుల మధ్య పుట్టిన ప్రవక్త గురించి మాట్లాడుకుంటారు. 660ల నాటి అర్మేనియన్ చరిత్రకారుడు యూదులు, అరబ్బులు చేయి కలిపారని రాశాడు. ఇలాంటి ఆధారాలు పట్టుకుని అమెరికా చరిత్రకారుడు ఫ్రెడ్ డోనర్, మొదట్లో ఇది ఏకేశ్వర విశ్వాసులందరి ఉద్యమమని, అందులో యూదులు, క్రైస్తవులూ ఉన్నారని, ఇస్లాం విడి మతంగా గీత గీసుకున్నది ఏడో శతాబ్దం చివర్లోనని 2010లో వాదించారు. ఆ వాదన సహీఫాకు బాగా సరిపోతుంది. ఖురైజాకు అంతగా సరిపోదు. యెరూషలేము సంగతి చూస్తే, రోమన్, బైజాంటైన్ చక్రవర్తులు యూదులను ఊళ్లో ఉండనివ్వలేదు. 638 ప్రాంతంలో ముస్లింలు ఆ నగరాన్ని గెలిచాక యూదు కుటుంబాలు తిరిగి వచ్చి స్థిరపడ్డాయి. అరేబియా నుంచి యూదులను పంపేసిన ఉమర్ కాలంలోనే ఇదీ జరిగింది.

ఇవాళ ఊరేగింపుల్లో కొందరు ఖైబర్ పేరుతో యూదులను బెదిరిస్తూ నినాదాలు చేస్తున్నారు. ఇంకొందరు ఖురైజా అంకెను పట్టుకుని కోట్ల మంది ముస్లింలను హంతకుల వారసులని తిడుతున్నారు. ఇద్దరూ ఆ చరిత్రను చదవలేదు. ఖైబర్ నినాదం చేసేవాడికి సగం పంట ఒప్పందం తెలియదు. ఖురైజా అంకె చెప్పేవాడికి ముఖైరిక్ తెలియడు. తెగల రాజకీయం, భూమి, పన్ను, అవమానం, భయం, భక్తి అన్నీ కలిసి నడిపిన ఇరవై ఏళ్ల కథను రెండు మతాల శాశ్వత స్వభావంగా చూపడం తప్పు. అందులో జరిగిన ఘోరాన్ని ఘోరమని చెప్పకపోవడం కూడా తప్పే.

సౌదీలో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. మదీనా నడిబొడ్డున హరమ్ పరిధిలోకి ముస్లింలకే ప్రవేశం. హెగ్రా, తైమా, ఖైబర్, నజ్రాన్‌లకు ఏ మతం వారైనా వెళ్లవచ్చు. నవంబరు, ఫిబ్రవరి మధ్య వాతావరణం చల్లగా ఉంటుంది. సెలవుల్లో మాల్ చుట్టూ తిరిగే బదులు పిల్లల్ని తీసుకుని ఒకసారి ఆ దారిన వెళ్లండి.